పక్క ఫ్యాక్టరీ సైరన్

విక్టోరియాకు ఇంటర్మీడియట్‌లో మిగతా పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కాయి. మనస్తత్వశాస్త్రం ఒక్కటి మిగిలింది. కాలేజీకి పంపే తాహతు లేదు కాబట్టి ప్రైవేటుగా కట్టింది. అదీ పాసైతే చిన్నపిల్లల తరగతి ఇస్తామని నాచారంలో మిషన్ బడివాళ్లు మాటిచ్చారు. తండ్రి అబ్రహాం పనిచేసే సీసాల ఫ్యాక్టరీకి పోయిన ఎండాకాలం తాళం పడింది. ఇక ఇంటికి ఆ పాసే దిక్కు.

చెప్పే పంతులు లేక తనకు తానే పాఠాలు పైకి చదువుకునేది. వినేవాడు అబ్రహాం. చేతిలో పని లేని మనిషి, మంచం మీద వెల్లకిలా పడుకుని ఊకొట్టేవాడు. రష్యాలో ఎవరో కుక్కకు గంట కొట్టి కూడు పెట్టడం, కొన్నాళ్లకు ఉత్త గంటకే దానికి నోరూరడం ఆయనకు మహా నచ్చింది. ఇంటికెవరొచ్చినా నీళ్లయినా ఇవ్వకముందే ఆ కుక్క సంగతి మొదలుపెట్టేవాడు. కూడు పెట్టడం మానేస్తే ఆ అలవాటు మెల్లగా చచ్చిపోతుందని తరువాతి పేజీలో ఉంది. ఆ పేజీ మాత్రం విక్టోరియా పైకి చదవలేదు.

ఎందుకంటే, ఆయన ఫ్యాక్టరీ మూతపడ్డా పక్క ఫ్యాక్టరీ సైరన్ మూతపడలేదు. పొద్దున్నే అది కూయగానే అబ్రహాం దిగ్గున లేచేవాడు. చెయ్యి మేకుకున్న ఖాకీ చొక్కా మీదికి పోయేది. తీరా అందుకున్నాక గుర్తొచ్చేది. మళ్లీ తగిలించి, ఉత్తుత్తిగా దగ్గి, మొహం కడుక్కోవడానికే లేచినట్టు బయటికి పోయేవాడు. తల్లి పాపమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చునేది.

మార్చిలో ప్రశ్న సరిగ్గా ఆ పాఠంలోంచే వచ్చింది. పుస్తకంలో లేని ఉదాహరణతో వివరించమన్నారు. ఉదాహరణ రోజూ కళ్లముందు తిరిగేదే. కానీ నాయినను తీసుకుపోయి ఆ కుక్క పక్కన నిలబెట్టడానికి చెయ్యి రాలేదు. రష్యా కుక్కనే మళ్లీ రాసి వచ్చింది. కొద్ది మార్కుల్లో పేపరు పోయింది. ఎందుకు పోయిందని అబ్రహాం తరచి తరచి అడిగితే ఉన్నమాట చెప్పేసింది.

కోపమొస్తుందనుకుంది. రాలేదు.

"పిచ్చిదానా, నాకెర్క లేదనుకున్నవా?" అన్నాడు. "సెప్టెంబర్ పరీక్షల నన్నే రాయి."

ఏం మనిషో! ఆ మర్నాటి నుంచి సైరన్‌కు లేచినప్పుడల్లా, రాసుకున్నవా అన్నట్టు కూతురికేసి కనుబొమలెగరేసేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నవ్వడం మొదలయ్యాక చొక్కా మీదికి చెయ్యి పోవడం తగ్గుతూ వచ్చింది. వానలు పడే రోజుల్లో ఒక పొద్దున సైరన్ కూసింది, అబ్రహాం లేవలేదు. నిద్రలో ఏమీ లేడు, కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"నాయినా, సైరనైంది," అంది విక్టోరియా.

"మనది కాదు గద బిడ్డా," అని అటు తిరిగి పడుకున్నాడు.

తాను పైకి చదవని పేజీ ఇంట్లోనే జరిగిపోయింది. పరీక్షకు ఇంతకన్నా నిండు జవాబు ఎవరికి దొరుకుతుంది? సంతోషించాల్సింది పోయి, ఆమె వాకిట్లోకి వెళ్లి బాగా ఏడ్చింది.

సెప్టెంబరులో, ఉప్పల్ సెంటర్లో, ప్రశ్న రెండు ముక్కలుగా వచ్చింది. అలవాటు ఎలా ఏర్పడుతుంది, ఎలా పోతుంది, రెండింటికీ సొంత ఉదాహరణ ఇవ్వాలి. మొదటి ముక్కకు విక్టోరియా ఒక కార్మికుణ్ణి రాసింది, ఖాకీ చొక్కాతో సహా, పేజీ నిండా. రెండో ముక్కకు వచ్చేసరికి రష్యా కుక్కను రాసింది. మార్కులు తెగుతాయనీ, ఈసారి తప్పితే బడి ఉద్యోగం ఇంకెవరికో పోతుందనీ తెలిసే రాసింది.

తెగాల్సిన మార్కులు తెగాయి. అయినా అంచుమీద పాసైంది.

ఫలితం తెలిసిన సాయంత్రం అబ్రహాం మంచం మీద లేచి కూర్చున్నాడు.

"నన్ను రాసినవా?"

"రాసిన నాయినా."

"ఏమని రాసినవ్?"

"సైరన్ కూయంగనే లేస్తడని."

ఆయన మేకుకున్న చొక్కా వైపు చూశాడు.

"లేస్తుంటి," అన్నాడు.