రామన్న నెంబరుకే తిరిగే మోటారు

రామన్నను మట్టిలో పెట్టేటప్పుడు బీడీల కట్ట, ఎర్ర తువ్వాలతో పాటు అతని ఫోను కూడా పెట్టింది భార్య సుగుణమ్మ. పోయినవాళ్లకు ఇష్టమైనవి గుంతలో వేసి పంపడం వాళ్లింటి ఆనవాయితీ. ఫోను చేతిలో లేకపోతే ఒక్క గడియ నిలిచేవాడు కాదు ఆ మనిషి.

దినాలు ముగిసి పదకొండో రోజు పోయి చూస్తే పల్లిచేను తలలు వేలాడేసింది. కాయ పట్టే ఊడలు కొమ్మల నుంచి మట్టిలోకి దిగే సమయం. నేలేమో నెర్రెలిచ్చింది. బోరు మోటారు ఎంత చేసినా తిరగలేదు.

కరెంటు పని చేసే నాగేశ్ వచ్చి డబ్బా విప్పి చూసి, మళ్లీ మూసేశాడు.

"ఇది మీట నొక్కితే నడిచేది కాదు చిన్నమ్మా. చిన్నాయిన ఫోన్ల యాప్ ఉంటది. ఆ నెంబరు చెప్తెనే ఇంటది."

"డబ్బా తీసేసి మామూలు స్టార్టర్ పెట్టరాదు?"

"పడదు. మోటరు, డబ్బా, తీగ, యాప్ అన్నీ ఒక్క కంపెనీవే. బండి కొన్నోడు ఎడ్లను, ఆఖరికి పలుపును గూడ వాళ్ల దగ్గరనే కొనాలన్నట్టు. ఎద్దు సచ్చిందా, బండి పారేసుడే."

మోటారు అమ్మడానికి వచ్చిన రోజు కంపెనీ మనిషి దీన్నే ఎకోసిస్టమ్ అన్నాడు. అన్నీ మావే అయితే మీకు పరేషానే ఉండదన్నాడు. రామన్న ఆ మాట శ్రీరంగాపూర్ అంతా మురిసిపోతూ చెప్పుకున్నాడు.

కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తియ్యగా పలికింది.

"నంబర్ మార్చొచ్చు మేడం. పాత నంబరుకు ఓటీపీ వస్తుంది, చెప్పండి."

"ఆ ఫోను మట్టిల ఉందమ్మా."

"సారీ మేడం, ఓటీపీ లేకుండా కుదరదు."

వనపర్తిలో సిమ్ముల దుకాణంవాళ్లు, ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే వచ్చి వేలిముద్ర వేయాలన్నారు. లేదంటే చావు పత్రం తెమ్మన్నారు. అది చేతికి రావాలంటే నెల. చేను వారం కూడా ఆగదు.

మరిది లక్ష్మణ్ పార పట్టుకుని వచ్చాడు. "ఒక్క గంట పని వదినా. సిమ్ము తీసి మళ్ల మూసేస్త. అన్న ఏమనుకోడు, ఆయన చేనే గదా."

ఆమె అతని వెంట సమాధి దాకా నడిచింది. మట్టి ఇంకా కుదురుకోలేదు. లక్ష్మణ్ పార ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు లచ్మణా. రాత్రిళ్లు బోరు కాడికి ఉరుకుడు తప్పుతది, జర మంచంల కంటినిండా పంటనని గదా ఆ మోటరు కొన్నడు. పండనియ్యి."

మర్నాడు పొద్దున్నే చేను పీకడం మొదలుపెట్టింది. పూర్తిగా ఎండితే బర్రె కూడా ముట్టదు. పీకిన ప్రతి మొక్కకూ ఊడలు సూదుల్లా, మట్టిని అందుకోకుండానే ఆగిపోయి ఉన్నాయి.