దొల్సా నిలబడేంత ఎత్తు

బోందియా నేలమాళిగలో గునపంతో నేలను పెళ్లగిస్తున్నాడు. గట్టి నేల; దెబ్బకు గుప్పెడు మట్టి రాలడమే కష్టం. రాలినదాన్ని చేతులతో పోగుచేసి బుట్టకెత్తాడు. బుట్ట నిండాక నడుం పట్టుకుని లేచి, పన్నెండు మెట్లు ఎక్కి, సందులో మందిరం గోడ మొదట్లో కుమ్మరించి పాదాలతో తొక్కాడు. పదకొండేళ్లుగా, వేరే పని లేనప్పుడల్లా అతను చేస్తున్నది ఇదే.

మిగతా పని మందిరం ఊడవడం, దీపాల్లో నూనె పోయడం, తలుపులు తీయడం, వేయడం. రోన్ నది ఒడ్డున ఉన్న ఆ పట్నంలో యూదుల వీధి ఒక్కటే, మందిరమూ ఒక్కటే. పై గది మగవాళ్లది. ఆడవాళ్లు నేలమాళిగలో నిలబడి, కప్పులోని చిన్న జాలీ గుండా దిగివచ్చే ప్రార్థన వినాలి. అక్కడ దూలాలు బాగా కిందికి ఉండేవి. బోందియా భార్య దొల్సా అతనికంటే జానెడు పొడవు. శనివారం ప్రార్థన అయ్యాక మెడ రుద్దుకుంటూ ఇంటికొచ్చి, "దేవుడికి దండం పెట్టొచ్చానో, దూలానికి పెట్టొచ్చానో తెలీట్లేదయ్యా" అని నవ్వేది.

పైకి పెంచడానికి వీల్లేదు. యూదులు పాత మందిరాన్ని బాగుచేసుకోవచ్చు కానీ ఒక్క వేలెడు కూడా ఎత్తు పెంచకూడదని చర్చి చట్టం. అందుకని బోందియా కిందికి తవ్వడం మొదలుపెట్టాడు. మొదటి చలికాలం దాటకముందే దొల్సా పోయింది. అతను ఆపలేదు. ఆపితే ఆ సమయాన్ని ఏం చేయాలో అతనికి తెలియలేదు.

సంఘం పెద్ద అస్త్రుక్ సందులోకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"మామా, ఇవాళ కొలకర్ర వస్తోంది. బిషప్ గారి గుమాస్తా బయల్దేరాడంట."

"రానీ. కొత్త కప్పు వేయడం అయిపోయిందిగా."

"అయిపోయింది కాబట్టే వస్తున్నాడు. వడ్రంగి లావు దూలాలు వేసి చచ్చాడు. చూరు నాలుగు వేళ్లు పైకి లేచింది. కర్రను మించితే కప్పు పీకించి, తలుపులకు ముద్ర వేస్తారు."

బోందియా కాసేపు చూరు వంక చూశాడు. "మరి మనవాళ్లు ఎక్కడ నిలబడాలి?" అన్నాడు.

బోందియా మళ్లీ మెట్లు దిగాడు. బుట్ట సగం నిండేసరికి పైనుంచి పిలుపు వచ్చింది.

గుమాస్తా గిలెం ఇద్దరు భటులతో వచ్చాడు. చేతిలో నల్లబడిన పొడవాటి కర్ర. అతని తాతల కాలంలో పాత చూరు ఎత్తుకు సరిగ్గా కోసి, బిషప్ ఇంట్లో దాచింది. యూదుడని తెలిసేలా బోందియా అంగీకి కుట్టిన పసుపు గుడ్డ చక్రాన్ని అతను చూశాడు.

"ఏం ముసలాడా, చక్రం బొడ్డు దగ్గరికొచ్చింది? గుండె మీద ఉండాలని తెలీదా?"

"గుండే కిందికి జారింది దొరా. దాంతోపాటే చక్రమూను."

ఒక భటుడు నవ్వాడు. గిలెం నవ్వకుండా కర్రను గోడకు ఆనించి నిలబెట్టాడు. అస్త్రుక్ కళ్లు మూసుకున్నాడు. అందరూ కర్ర కొస వంక చూస్తుంటే బోందియా దాని మొదలు చూశాడు. అది అతని మట్టి మీద నిలబడి ఉంది. ఒకప్పుడు సందుకంటే ఎత్తుగా ఉండే గడపరాయి ఇప్పుడు నేలతో సమంగా ఉంది.

"సరిపోయింది," అన్నాడు గిలెం. కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

అస్త్రుక్ కళ్లు తెరిచాడు. "నాలుగు వేళ్లు ఎక్కడికి పోయాయి మామా?"

"కాళ్ల కిందికి."

ముసలాయన వేళాకోళమాడుతున్నాడనుకుని అస్త్రుక్ వీధికంతా కబురు చెప్పడానికి పరుగెత్తాడు. సందు ఖాళీ అయింది. జరిగింది మొదటినుంచీ ఎవరికైనా చెప్పాలనిపించింది బోందియాకు. అలా చెప్పుకోదగ్గ మనిషి ఒక్కతే ఉండేది.

నేలమాళిగలోకి దిగాడు. బొటనవేలు నడినెత్తిన ఆనించి, చిటికెనవేలు పైకి చాపి, జానెడు ఎత్తు పట్టుకుని దూలం కిందికి నడిచాడు. వేలికి ఏదీ తగల్లేదు. ఇంకో దూలం కిందికి నడిచాడు. అక్కడా తగల్లేదు.

"ఇక నిలబడవే," అన్నాడు.

ఊపిరి తీసుకోవడానికి చివరి మెట్టు మీద కూర్చున్నాడు. సాయంత్రం ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు అతను నిద్రపోతున్నాడనుకుని కాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు.

అతను లేని ఆ మొదటి శనివారం వాళ్లందరూ మెడలు నిటారుగా పెట్టి నిలబడ్డారు. ఎవరూ అది గమనించలేదు. మెట్టు పక్కన అతని బుట్ట అలాగే ఉంది, పిడికి దొల్సా తలగుడ్డ ముక్క చుట్టి, సగం మట్టితో.