లండన్‌కి కుట్టిన తెల్ల గౌన్లు

గుమ్మం దాటబోతున్న దొరసాని, చీర ఉయ్యాలలో ఉన్న పసివాణ్ణి చూసి అక్కడే ఆగిపోయింది. ఎండకు కందిపోయి ఉన్న ఆమె ముఖం చూస్తుండగానే పాలిపోయింది.

ఎనభై ఏడు మే నెల. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్కన ఒక పాత పత్తి గోడౌన్‌లో కుసుమ పద్నాలుగు మిషన్లు పెట్టి కుట్టుపని నడుపుతోంది. చిలకలూరిపేట ఏజెంటు త్రికోటేశ్వరరావు మద్రాసు ఎగుమతి కంపెనీ నుంచి రెండేళ్లుగా ఒకటే ఆర్డరు తెస్తున్నాడు. పసిపిల్లల తెల్ల గౌన్లు. పల్చటి గుడ్డ, మెడకు సన్నని లేసు, వీపంతా తెరిచి మూడు నాడాలు. కొన్నయితే జానెడు కూడా ఉండవు. "దొరల పిల్లలు ఇంత పిసరంత పుడతారా?" అని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ గౌను గీసిన డిజైనరే ఈ దొరసాని. తన బట్టలు ఎక్కడెక్కడ కుడుతున్నారో స్వయంగా చూద్దామని లండన్ నుంచి బయల్దేరి, మద్రాసులో దిగి, ఏజెంటు కారులో ఇక్కడిదాకా వచ్చింది. బి.ఏ. చదివింది కుసుమ ఒక్కతే కాబట్టి దొరసాని మాటలు తెలుగులో చెప్పే పని కుసుమ మీద పడింది.

ఉయ్యాలలో ఉన్నది మిషను కుట్టే నాగులమ్మ మనవడు. ముందురోజే వాడికి ఇరవై ఒకటో రోజు చేశారు. కుట్టు వంకరపోయిందని పక్కన పడేసిన గౌను ఒకటి కుసుమే ఇచ్చింది, వాడికి తొడగమని.

"ఆ బిడ్డకు అది ఎందుకు వేశారు?" అంది దొరసాని.

"పిల్లల గౌనే కదండీ," అంది కుసుమ నవ్వుతూ.

ఆమె కుసుమ చెయ్యి పట్టుకుని మెల్లగా నాలుగు మాటలు చెప్పింది. కుసుమ తను సరిగా వినలేదేమో అనుకుని మళ్లీ చెప్పమంది. మళ్లీ అవే మాటలు. ఆ గౌన్లు బతికున్న పిల్లలకు కాదు. కడుపులోనే పోయినవాళ్లకు, పుట్టీ పుట్టగానే పోయినవాళ్లకు, పూడ్చిపెట్టే ముందు తొడిగేవి.

కుసుమ ముఖం చూసి ఆడవాళ్లు ఒక్కొక్కరే మిషను ఆపారు.

"ఏందమ్మా? ఏమంటందామె?" నాగులమ్మ అడిగింది.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కుసుమ ఏజెంటు వైపు చూసింది. అతను గోడకున్న కేలెండరు చూస్తున్నాడు. అతనికి ముందే తెలుసని అర్థమయ్యాక ఆమెకు అబద్ధం నోటికి రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నాగులమ్మ పెద్దగా అరిచింది. పరుగున వెళ్లి నాడాలు పుటుక్కున తెంపి గౌను లాగి అవతల పారేసింది. పిల్లవాడు గుక్కపట్టాడు. "పీనుగ గుడ్డ తొడిగిస్తివే నా మనవడికి! నీ చేత్తో ఇచ్చావు గదే కుసుమమ్మా!" వాణ్ణి కొంగులో చుట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా ఆ ఎండలో వెళ్లిపోయింది.

"మీకు తెలుసు కదూ?" అంది కుసుమ ఏజెంటుతో.

"తెలుసు. చెబితే కుట్టేవాళ్లా మీరు?"

"ఆ మాట మమ్మల్ని అడగాల్సింది."

దొరసాని కటింగ్ బల్ల పట్టుకుని నిలబడి చెప్పసాగింది. కుసుమ ఒక్కో ముక్కా తెలుగులో చెప్పింది.

"నాకు ఏడో నెలలో కాన్పయింది. బిడ్డ దక్కలేదు. నర్సు తువ్వాల్లో చుట్టి తెచ్చింది. పిల్లల బట్టలు గీయడమే నా పని. నా బిడ్డకు సరిపడే బట్ట మాత్రం ఏ కొట్లోనూ దొరకలేదు. అప్పుడు గీశాను దీన్ని. మీకు ఎవరూ చెప్పలేదని నాకు తెలియదు."

అందరిలోకీ పెద్దది హజ్రా బీ. ఆమె లేచి వచ్చింది. "ఆడపిల్లా, మగపిల్లాడా? అడుగమ్మాయ్."

"ఆడపిల్లట, అత్తా."

"నా రెండోవాడు గూడా అంతే. మా ఆయన లుంగీ చించి చుట్టి తీసకపోయాడు. నన్ను మొహం గూడా చూడనియ్యలా. ముప్పై ఏళ్లయింది."

చిన్నప్పటినుంచీ పక్కింట్లోనే ఉన్న మనిషి. కుసుమకు ఈ సంగతే తెలియదు.

హజ్రా బీ బల్ల మీది గౌను తీసి దాని చేతులు సాగదీసి చూసింది. "చేతులు మూసి కుట్టిస్తుందేంది ఈమె? బిగుసుకపోయిన చేతుల్ని ఎట్టా దూరుస్తారు? భుజం కాణ్ణుంచి కిందిదాకా తెరిచి, ఈడ గూడా నాడా పెట్టమను."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి కుసుమకు చానాసేపు పట్టింది. విని దొరసాని కళ్లు తుడుచుకుంది. తర్వాత పుస్తకం తీసి గీసుకుంది.

మర్నాడు పద్నాలుగు మందిలో ఎనిమిది మందే వచ్చారు. రానివాళ్లను కుసుమ పిలవలేదు. దొరసాని రెండు రోజులు హజ్రా బీ పక్కనే కూర్చుని, కొత్త చేతులు కత్తిరించి, కుట్టించి చూసుకుని వెళ్లింది.

నాగులమ్మ పది రోజులకు వచ్చింది. వరండాలోనే నిలబడి, "లోనకి రాను. జాకెట్లేమన్నా ఉంటే ఇయ్యి," అంది.

కుసుమ ఒక మిషను బయటికి జరిపించింది. "తెలియక ఇచ్చానక్కా," అంది.

"నీకు తెలవదని నాకు తెలుసులే. మనసు ఒప్పుకోవటంలా, అంతే."

మధ్యాహ్నం లారీకి అట్టపెట్టెలు ఎక్కిస్తుంటే నాగులమ్మ చూస్తూ కూర్చుంది. "ఎన్ని గౌన్లమ్మా ఇయ్యి?"

"ఆరొందలు."

నాగులమ్మ కాలు మిషను మీదే ఆగిపోయింది. "ఆరొందల మంది పిల్లలా!"

రెండేళ్లుగా ప్రతి పెట్టెలో ఎన్ని ఉన్నాయో రాసి పంపుతున్నది కుసుమే. ఆ లెక్క ఆమెకు ఇలా ఎప్పుడూ తట్టలేదు. కుసుమ నాగులమ్మ పక్కన వరండా మెట్టు మీద కూలబడింది. లారీవాడు సంతకం కోసం రెండుసార్లు పిలిచాడు. ఆమె లేవలేకపోయింది.