కౌంటరు చీటీ

కేసుకు దిగిన రోజున నార్మన్ టాటర్సాల్ చేతిలో ఉన్న సరుకు మూడే: మార్కెట్ హాల్లో ముప్పై ఒక్కేళ్ళ చీజ్ దుకాణం, పక్క బల్ల మీద చేపలమ్మే క్లిఫ్ డక్స్‌బరీ స్నేహం, ఒక చీటీ.

హాలు కూల్చి ఫ్లాట్లు కట్టుకోవడానికి కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. ఇలాంటి అనుమతి తేల్చే సమావేశానికి కొన్ని రోజుల ముందే దాని మీద అధికారి రాసిన నివేదికను జనం చదువుకోవడానికి బయట పెట్టాలి. సోమవారం సమావేశమనగా శుక్రవారం నార్మన్ కౌన్సిల్ ఆఫీసుకు వెళ్ళి అడిగితే, కౌంటరులో ఆవిడ నివేదిక ఇంకా రాలేదంది. వట్టి మాట మీద సరుకు దించుకునే మనిషి కాడు కనుక రాసిమ్మన్నాడు. ఆవిడ రాసి, తేదీ ముద్ర కొట్టి ఇచ్చింది.

అనుమతిని కోర్టులో సవాలు చేయడానికి గడువు ఆరు వారాలు. లండన్‌లో హారియట్ ఫారంట్ అనే బారిస్టరు చీటీ సంగతి ఫోనులో విని, "కేసంతా దాని మీదే నిలబడుతుంది టాటర్సాల్ గారూ. అసలు కాగితమే తెచ్చివ్వండి" అంది.

తీసుకుని వెళ్ళాడు. ఆమె ఆఫీసు గుమ్మం పక్కనున్న బోర్డు మీద ఆమె పేరుకు రెండు పేర్ల కింద లవ్‌లాక్ పేరుంది. కేసు పడితే కౌన్సిల్ తరఫున వాదించబోయేవాడు అతనే. "లవ్‌లాక్, ఈ పూట సూపు డబ్బులు నీవే" అంటూ హారియట్ మెట్లు దిగింది. ఇద్దరూ నవ్వుకుంటూ ఒకే గొడుగు కింద వీధి మలుపు తిరిగారు. నార్మన్ చీటీ జేబులోనే ఉంచుకుని తిరుగు రైలెక్కాడు.

"ఒకే ఇంటి పిల్లులురా అవి" అన్నాడు క్లిఫ్, సంగతంతా విని. "పగలు గీరుకుంటాయి, పొద్దుపోతే ఒకే గిన్నెలో పాలు తాగుతాయి. ఆ చీటీ నాకియ్యి. నీ దగ్గరుంటే చీజ్ చుట్టి ఎవరికో ఇచ్చేస్తావు."

"నీ దగ్గరుంటే చేపల కంపు కొడుతుంది."

"కొట్టనీ. జడ్జిగారికి ఆకలేస్తుంది. మన వర్తకుల సంఘం పెట్టెలో పెట్టి తాళం వేస్తా. విచారణ రోజు నేనే పట్టుకొస్తా."

నార్మన్ ఇచ్చేశాడు. ముప్పై ఒక్కేళ్ళుగా రోజూ పొద్దున ఐసు బదులిచ్చిన మనిషిని రాసిమ్మని అడగడానికి నోరు రాలేదు.

హారియట్ ఫోను చేసింది. "చీటీ ఏదండీ? బజారు ముగిశాక బల్ల సర్దితే ఎవరు కొంటారు?"

"విచారణ రోజు తెస్తానమ్మా" అన్నాడు, కాస్త కటువుగానే.

ఆమె గడువు దాటనీయకుండా చీటీ లేకుండానే, అతని మాట మీద కేసు వేసింది. కౌన్సిల్ జవాబుతో పాటు ఒక సాక్షి వాంగ్మూలం వచ్చింది. నివేదిక వారం ముందే కౌన్సిల్ ఆఫీసు బల్ల మీద ఉందనీ, తాను స్వయంగా చదివాననీ. కింద సంతకం క్లిఫ్ డక్స్‌బరీది.

నార్మన్ వెళ్ళేసరికి క్లిఫ్ పొలుసు గీకుతున్నాడు.

"చీటీ ఏదిరా?"

"ఏ చీటీ?" తలెత్తలేదు. ఇంకో చేప అందుకుని, "కొత్త భవనంలో మూల దుకాణం నాకిస్తామన్నారు నార్మన్. అరవై నాలుగేళ్ళొచ్చాయి. నువ్వైతే వద్దంటావా?"

"ముందే అడిగుంటే చెప్పేవాణ్ణి."

కౌంటరులో ఆవిడకు ఏమీ గుర్తులేదు. ఒకరి మాటకు ఒకరి మాట అడ్డు, నివేదిక రాలేదన్నది రుజువు కాలేదని జడ్జి కేసు కొట్టేశాడు.

కోర్టు వరండాలో నార్మన్ గొడుగు సంగతి బయటపెట్టాడు.

"ఆ రోజు వాన పడింది. గొడుగు నా దగ్గరే ఉంది" అంది హారియట్. "పదకొండేళ్ళుగా ఒకే అంతస్తులో పనిచేస్తున్నాం, ఎవరి కేసులు వాళ్ళవే. ఎన్నో కేసుల్లో ఎదురెదురుగా నిలబడ్డాం. ఈ కేసులో నా కాగితం ఒక్కటి కూడా అతను దొంగచాటుగా చూడలేదు. మీరు మెట్లెక్కి నన్నే నిలదీయాల్సింది."

వసంతంలో హాలు కూల్చారు, తర్వాత అక్కడ కొత్త భవనం లేచింది. నార్మన్ ఇప్పుడు వారానికి రెండు రోజులు వ్యాను వెనక తలుపు తెరిచి చీజ్ అమ్ముతాడు. మొత్తం వ్యవహారంలో మిగిలింది కొత్త ఖాతాదారు ఒకరు: హారియట్ నెలకోసారి అరకిలో తెప్పించుకుంటుంది, తగ్గించమని అడగదు. పోయింది ఎంతో లెక్క తేలలేదు. ఊళ్ళో చేపలెక్కడ దొరుకుతాయని ఎవరైనా అడిగితే ఇప్పటికీ అందులో క్లిఫ్ మూల దుకాణమే చూపిస్తాడు. తాజాగా ఉంటాయా అంటే మాత్రం, అమ్మేవాణ్ణి రాసిమ్మనండి అంటాడు.