ఇనప్పెట్టె కోసిన రోజు

అంతా కూలిపోయిన ఇరవై నాలుగో రోజు కూడా బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో ఉదయం ఐదింటికి హాజరు తీసుకున్నారు. నలభై రెండు మందిలో కాలు విరిగినవాడూ, ముత్యమూ తప్ప అందరూ హెల్మెట్లు పెట్టుకుని వరుసలో నిలబడ్డారు. పోవడానికి సైటు లేదు, కట్టడానికి బిల్డింగు లేదు, అసలు కంపెనీయే లేదు. అయినా ఫోర్‌మన్ రాజనర్సు పేర్లు పిలిచాడు, వీళ్ళు బుద్ధిగా పలికారు. పందొమ్మిదేళ్ళ ముత్యం మాత్రం రేకుల నీడలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఈ తతంగం చూసి నవ్వుకున్నాడు.

నవ్వుకోవాల్సింది వీళ్ళొక్కళ్ళను చూసే కాదులెండి. గ్యాసు అమ్మి ఇసుకలో అద్దాల మేడలు లేపిన దేశం అది. తాగే ప్రతి చుక్కా సముద్రపు నీటిని మిషన్లలో పోసి తీసిందేనన్న సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. ముందు బ్యాంకులు మూతపడ్డాయి, తర్వాత ఓడలు ఆగాయి, ఆ తర్వాత కరెంటు పోయింది, దాంతోపాటే నీళ్ళూ పోయాయి. మేనేజర్లు చివరి విమానాలెక్కి వెళ్ళిపోయారు. పోతూ పోతూ ఆఫీసులోని ఇనప్పెట్టెకు తాళం వేయడం మరచిపోలేదు. మనుషుల్నే మరచిపోయారు.

క్యాంపు ట్యాంకులో ఆరు రోజులకు సరిపడా నీళ్ళున్నాయి. డ్రమ్ము అడుగున నలభై లీటర్ల డీజిల్ ఉంది. బస్సు డ్రైవరు మక్బూల్ నిర్మల్ మనిషి. వారం కిందట ఎవరి పికప్పులోనో ఉత్తరాన అల్ రువైస్ దాకా వెళ్ళి చూసి వచ్చాడు. అక్కడ చేపల పడవలు ఇంకా తిరుగుతున్నాయి, దేశం దాటాలని అడిగినవాళ్ళను ఎక్కించుకుంటున్నాయి. బస్సులో మూడు గంటల దారి. నడిస్తే నాలుగు రోజులు.

నడవలేనివాడు ఒకడున్నాడు. ముత్యం చిన్నాయన లస్మయ్య పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు చెక్కల మధ్య కాలు కట్టుకుని గది గుమ్మంలో చాప మీద పడుకుని ఉంటున్నాడు. అందరినీ వెక్కిరించే ముత్యానికి ఆయన ముందు నోరు లేచేది కాదు. తండ్రి పోయాక తనను పెంచింది ఆయనే. ఆ డీజిల్ మీద వాడు పెట్టుకున్న ఆశంతా ఆయన కోసమే.

హాజరైపోయాక రాజనర్సు గొంతు సవరించుకున్నాడు.

"బస్సు సరే. పాస్‌పోర్టులు ఇనప్పెట్టెల ఉన్నయి గద. అవి లేకుంట ఎట్ల పోతం?"

"అడిగెటోడే లేడు గదనే," అన్నాడు ముత్యం. "ఎవలకు సూపిస్తవు?"

"పడవ దిగినంక బొంబాయిల సూపియ్యాలె."

"బొంబాయి ఎట్లున్నదో నీకు ఎర్కనా?"

రాజనర్సు వాడివైపు చూడనైనా చూడలేదు. "జనరేటర్ ఒక్క గంట నడిస్తె సాలు. గ్రైండర్‌తోని కోసి పడేస్త. మిగిలిన డీజిల్ బస్సుకే."

"బస్సుకు ముప్పై అయిదు లీటర్లు కావాలె భాయ్," అన్నాడు మక్బూల్. "తక్కువైతే రోడ్డు మీదనే నిలబడ్తది."

చేతులెత్తమన్నారు. పాస్‌పోర్టుల కోసం మొదటి చెయ్యి చాప మీంచే లేచింది. ముత్యం బకెట్టు మీంచి లేచి ఆయన దగ్గరికి పోయాడు.

"కాకా, డీజిల్ అయిపోతె నిన్ను ఎట్ల తీస్కపోవాలె?"

"కాయితం లేకుంట పోతె జైల్ల ఏస్తరు బిడ్డా. నీకు తెల్వది," అన్నాడు లస్మయ్య.

నలభై చేతులు లేచాయి. ముత్యమూ మక్బూలూ మిగిలారు.

జనరేటర్ వేయగానే గదుల్లో ఏసీలన్నీ తిరిగాయి. ఒక్కడంటే ఒక్కడు లేచి వాటిని కట్టేస్తే ఒట్టు. ఇరవై నాలుగు రోజుల తర్వాత చల్లగాలి తగిలిందని సగం మంది పోయి హాయిగా పడుకున్నారు. ముత్యం ఒక గదిలో స్విచ్చి నొక్కి వస్తే వెనకాలే ఎవరో మళ్ళీ వేశారు. రాజనర్సు గ్రైండర్ పట్టుకుని, చూడవచ్చినవాళ్ళను కళ్ళద్దాలు లేకుండా దగ్గరికి రావద్దని తరిమాడు. సేఫ్టీ ముఖ్యమట. పైరేకు తెగడానికే గంట పట్టింది. దాని కింద కాంక్రీటు, కాంక్రీటు కింద మళ్ళీ ఇనుము. బ్లేడు వెనక బ్లేడు అరిగింది. ఆపమని ముత్యం అరిచాడు, బతిమాలాడు. ఇంత కోశాక ఆపితే వేస్టు కదా అన్నారు. ఆ పెద్దమనుషుల తెలివికి వాడికి కంపరం పుట్టింది. మధ్యాహ్నం పెట్టెకు చెయ్యి పట్టేంత కంత పడింది. కాసేపటికే డీజిల్ అయిపోయి జనరేటర్ దగ్గి ఆగిపోయింది.

రాజనర్సు హాజరు వరుసలోనే పేర్లు పిలిచాడు. ఒక్కొక్కరూ వచ్చి పాస్‌పోర్టు అందుకుని కళ్ళకద్దుకున్నారు. ఇద్దరైతే ఏడ్చారు. లస్మయ్యది ముత్యమే తీసుకెళ్ళి ఇచ్చాడు. సిమెంటు తోసే ఒంటిచక్రం బండి కూడా తెచ్చి పక్కన పెట్టాడు. అందులో కూర్చోబెట్టి నాలుగు రోజులైనా తోసుకుపోదామని వాడి లెక్క.

లస్మయ్య పేజీలు తిప్పాడు. చదువు రాకపోయినా అంకెలు వచ్చు.

"దీని డేటు అయిపోయి రెండేండ్లయింది," అన్నాడు. "ఎగ్జిట్ పర్మిట్ సుత లేదు. కంపెనీ ఒప్పుకోకుంట ఈ దేశం దాటితె కేసైతది. నేను రాను బిడ్డా. మీరు పోండ్రి."

"సావు ముంగట నిలబడ్డది కాకా. నువ్వు డేటు సూస్తున్నవా?"

"నాతోని దొరికితె నీకు సుత కేసైతది." గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ముత్యం తిట్టాడు, కాళ్ళు పట్టుకున్నాడు. ఆయన కదల్లేదు. ఎత్తి బండిలో వేయబోతే పక్కనున్న మంచం కోడు పట్టుకుని వదల్లేదు. ఈ మనిషి నిజంగానే ఇక్కడ నీళ్ళు లేక చచ్చిపోతాడని, అదీ ఒక తేదీ కోసమని వాడికి అప్పుడు అర్థమైంది.

లేచి ఆఫీసులోకి పోయి పెట్టె కంతలో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికాడు. కంపెనీ గుండ్రటి రబ్బరు ముద్ర దొరికింది, సిరా డబ్బా దొరికింది. తిరిగొచ్చి చిన్నాయన పక్కన కూర్చుని పాత తేదీ కొట్టేసి కొత్తది వేశాడు. కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, మేనేజరులాగే సంతకం గీకి, ముద్ర కొట్టాడు.

"రెన్యువల్ అయింది. ఎగ్జిట్ సుత ఇచ్చిండ్రు."

"ఎవలు?"

"కంపెనీ."

లస్మయ్య కాగితాన్ని వెలుగులోకి పట్టి చాలాసేపు చూశాడు. తడి ముద్ర మీద వేలితో తడిమాడు. "ఇగ పోదాం తియ్యి," అని ఎత్తమన్నట్టు చేతులు చాచాడు.

ఆయన్ను బండిలో కూర్చోబెట్టి తిరిగేసరికి వెనకాల రాజనర్సు పాస్‌పోర్టు తెరిచి పట్టుకుని ఉన్నాడు. "నాకు సుత ఒకటి కొట్టు," అన్నాడు, మొహం ఎటో పెట్టుకుని. వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక వరుస. మక్బూల్ కూడా అందులోనే ఉన్నాడు.

పగలబడి నవ్వాల్సిన ఘడియ అది. ముత్యానికి నవ్వు రాలేదు. ఒకటి తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోయాడు. ముద్ర పడ్డవాళ్ళు నీళ్ళ డబ్బాలు నెత్తికెత్తుకుని గేటు దాటారు. చివరికి బండిలో గేటువైపు తిరిగి కూర్చున్న చిన్నాయన కాక వాడొక్కడే మిగిలాడు. జేబులోంచి తన పాస్‌పోర్టు తీశాడు. ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, ముద్రను సిరాలో రెండుసార్లు అద్ది గట్టిగా కొట్టాడు. సరిగా పడిందో లేదోనని వెలుగులోకి పట్టి చూసుకున్నాడు.