కమాను కట్టకు సరిపడా బరువు

మా ఆయన సుబ్బరాయలు మిల్లు నుంచి రిటైరైన నెలలోనే ఒక ఇల్లు కొన్నాడు. చక్రాలున్న ఇల్లు. లాస్‌పేటలో మా వీధి చివర ఉండిన ఫ్రెంచి దొర ఒకాయన తన దేశానికి వెళ్ళిపోతూ, పెరట్లో ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉన్న ట్రైలరును ఈయనకు అంటగట్టాడు. జీపు వెనక తగిలించి లాక్కుపోయే తెల్లటి పెట్టె అది. లోపల రెండు పడకలు, ఒక గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి, కిటికీలకు పూల తెరలు. మా ఆయన దాన్ని కారవాన్ అంటాడు. నేను డబ్బా అంటాను.

ఊరి పేరు పాండిచ్చేరి పోయి పుదుచ్చేరి అయిన మరుసటేడు సంగతి ఇది. ఆయనకు లాడ్జీలంటే భయం. ఎప్పుడో మదురైలో నల్లులు కుట్టాయట, ఆ కథ మా పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టి ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"ఇంక మన పడక మన వెంటే వస్తాది అంబుజం. రామేశ్వరం పోయొద్దాం," అన్నాడు.

అది నేనూ కనకవల్లక్కా కలిసి పోవాల్సిన ఊరు. కనకవల్లక్క మా ఆయన అన్నగారి భార్య, నాకు తోడికోడలు. మేము లాస్‌పేటకు రాకముందు మూలకుళంలో ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం పిల్లల్ని పెంచి పెద్ద చేశాం. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోతే, మగవాళ్ళ గోల లేకుండా మనిద్దరమే రామేశ్వరం పోయి సముద్రంలో మునిగొద్దామే అని ఆమే అనేది. పెళ్ళిళ్ళు అయ్యాయి. మా మాటలు ఆగిపోయాయి. నాలుగేళ్ళుగా ఆమె ముఖం చూడలేదు.

తప్పు ఎవరిదంటారా? ఆమెదే. ఇప్పటికీ అదే చెబుతాను. మా అమ్మాయి అనుప్రియ శ్రీమంతం నాడు, ఊళ్ళో ఆడవాళ్ళంతా వరసగా విస్తళ్ళ ముందు కూర్చుని ఉండగా, నేను చేసిన సాంబారు రుచి చూసి, "సాంబారులో ఉప్పు ఒక చిటికెడు ఎక్కువుండాదే," అంది. నేను ఊరుకుంటానా? "చప్పిడి తిని తిని అలవాటైన నాలిక్కి ఉప్పు ఎక్కువే ఉంటాది," అన్నాను. ఆమె సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆ తర్వాత ఆమె రాలేదు, నేను పోలేదు. అన్నదమ్ములిద్దరూ మాత్రం ఏమీ జరగనట్టు ఆదివారం ఆదివారం కలిసి టీ తాగుతూనే ఉన్నారు. మగవాళ్ళకు రోషం ఉండదు.

"అన్నావదినల్ని కూడా రమ్మందామా," అని ఈయనైనా అంటాడేమోనని రెండు రోజులు చూశాను. అనలేదు. అక్క లేకుండా రామేశ్వరం పోవాలంటే నాకు కాళ్ళు రావడం లేదు. అలాగని నా నోటితో నేను పిలవను. పిలవడానికి ఒక కారణం దొరకాలి, ఆ కారణం నాది కాకూడదు. నా బాధ అదీ.

ఈలోగా డబ్బాను పెరట్లోంచి బయటికి లాగితే అది ఒక పక్కకు కూలబడింది. కుదుపులు తగలకుండా దాని ఇరుసులో పెట్టిన రబ్బరు మన ఎండలకు పిండి పిండి అయిపోయిందట. అలాంటిది ఇక్కడ దొరకదు. పక్కనే సారం పేటలో లారీలకు కమాను కట్టలు వేసే అయ్యనార్ వచ్చి, కింద దూరి చూసి, "దీన్ని పీకేసి మన కట్టలు వేసేద్దాం సార్," అన్నాడు. కమాను కట్ట అంటే మీకు తెలిసిందే, లారీ చక్రం పక్కన విల్లులా వంగిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి చూడండి, అదే.

"ఎన్ని పట్టీలు వెయ్యమంటారు?" అని అడిగాడు అయ్యనార్.

మా ఆయన తోటకూర కట్ట కొన్నా కొసరు అడిగే మనిషి. "నువ్వు ఎన్ని అనుకుంటివో దాని మీద ఇంకో రెండు వెయ్యి. జన్మకి విరగకూడదు," అన్నాడు.

అయ్యనార్ ఆయనకు తగినవాడే. చెరుకు మోసే ట్రాక్టరు ట్రైలరుకని చేసిన కట్టలు అతని షాపులో సిద్ధంగా ఉన్నాయి. అవే తెచ్చి బిగించి, కట్టల చివర్లలో కొత్త బుష్షులు కొట్టి, గ్రీజు దట్టంగా పూసి, "ఏనుగు ఎక్కినా చెక్కుచెదరదు," అని చెప్పి వెళ్ళాడు. మా ఆయన ఇరుసుకు కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు.

మొదటి షికారు ఎయిర్‌పోర్టు రోడ్డు దాకా. ఆయన జీపు తోలుతుంటే వెనక డబ్బాలో నేను టీ కాచాలి. బండి ఆగగానే వేడి వేడి టీ అందించాలి. అందుకోసమే పుట్టినట్టు మాట్లాడాడు.

మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర టీ గిన్నె లేచింది. రెండో దాని దగ్గర నేను లేచాను. నా తల పైకప్పుకు కొట్టుకుంది, టీ నా చీర మీద పడింది, చక్కెర డబ్బా మూత ఎటు పోయిందో ఈనాటికీ దొరకలేదు. పొయ్యి ఆర్పేసి, పడకను రెండు చేతులా పట్టుకుని, ముందు గోడ మీద కాలితో తన్ని పిలిచాను. ఆయనకు వినపడలేదు. జీపులో పాట పాడుకుంటున్నాడట.

బండి ఆపి తలుపు తీసి, "ఎట్లుండాది?" అన్నాడు నవ్వుతూ.

"చెరుకు బండి ఎట్లుంటాదో అట్లుండాది. చెరుకే నయం, దానికి నడుముండదు," అన్నాను.

ఆ పేరు వీధంతా పాకింది. పాకడానికి నేను కొంచెం సాయం చేశాననుకోండి. పాలవాడికి చెప్పాను, పక్కింటి భక్తవత్సలంగారి భార్యకు చెప్పాను, అక్కడితో నా పని అయిపోయింది. మిగతాది వాళ్ళే చూసుకున్నారు.

అయ్యనార్‌ను మళ్ళీ పిలిపించారు. అతను డబ్బా వెనక భాగాన్ని తన బలమంతా పెట్టి కిందికి నొక్కాడు. అది కదలలేదు. అందుకు అతను సిగ్గుపడలేదు సరికదా సంతోషించాడు. "కట్ట మీద తప్పు చెప్పకూడదు సార్. బరువు పడితే కదా అది వంగేది? బరువు లేకుంటే రాయి మాదిరే ఉంటాది. లోడు ఎక్కించండి, ఉయ్యాల మాదిరి పోతాది," అన్నాడు.

ఆ సాయంత్రమే మా ఆయన రెండు బియ్యం మూటలు తెచ్చి పడకల మధ్య పడేశాడు. మళ్ళీ అదే రోడ్డు మీద తిప్పాడు. ఈసారి నా తల పైకప్పుకు తగల్లేదు, నిజం చెప్పాలి. కాళ్ళు చాపుకోవడానికి చోటు లేక మూట మీదే కూర్చుని వస్తుండగా నాకు తటాలున తట్టింది. నాలుగేళ్ళుగా దొరకని కారణం నా కింద ఉంది.

"మూటలతో రామేశ్వరం పోతే చూసేవాళ్ళు రేషను దొంగలనుకుంటారు," అన్నాను ఇంటికొచ్చాక. "చీమలు పడతాయి. పైగా మూట తనంతట తాను దిగదు, ఎక్కదు. దానికి బదులు మనుషుల్ని ఎక్కించుకుంటే ఏంది?"

"యాడి మనుషుల్ని?"

"ఎవురో ఒకరు. కొంచెం బరువుండేవాళ్ళు." కొంగుతో మెడ తుడుచుకుంటూ ఎటో చూశాను. "మీ వదిన ఉండాది కదా. ఆమె ఒక్కతే మూటన్నర."

ఆయన నన్ను వింతగా చూశాడు. "నీకూ ఆమెకూ పడదు కదే."

"నేనేమన్నా మాట్లాడేదానికి పిలుస్తాండానా? బరువుకి పిలుస్తాండా. అట్లనే చెప్పండి. నేను పిలిచినానని మాత్రం చెప్పబాకండి."

వదిన దగ్గరికి పోయి, బండికి బరువు చాలలేదు, నువ్వు రా అని ఏ మగవాడైనా చెబుతాడా? మా ఆయన చెబుతాడు. మూలకుళం పోయి అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పి వచ్చాడు. నేను గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను, చేతిలో చేట ఉంది, చేటలో ఏమీ లేదు.

"ఏమనింది?"

"వస్తాననింది. అన్నా వస్తాడు."

సంతోషం బయటికి కనిపించకుండా ఖాళీ చేటను చెరగడం మొదలుపెట్టాను. "మనిషి ఎట్లుండాది?"

"ఉండాది."

"ఎట్లుండాదని అడిగితే ఉండాదంటారేంది? బాగుండాదా?"

"బాగా ఉండకుంటే వస్తానంటాదా?" అన్నాడు. ఈయన మనుషుల్ని చూసేది అంతే. "ఆ, ఒక్కటి అడిగింది. ఎంత బరువు కావాలని అడిగింది. తొంభై కిలోలకి తగ్గకూడదని చెప్పినా."

నాకు ఒళ్ళు మండింది. ఎంత బరువు కావాలంట. ఆ ఎకసెక్కం ఇంకా పోలేదు మనిషికి అనుకున్నాను. అయినా మర్నాడు పొద్దున్నే బియ్యం నానబోసి, నువ్వులు వేసి మురుకులు చేశాను. అక్కకు నువ్వుల మురుకులంటే ప్రాణం. బరువుకి మాత్రం ఆకలెయ్యదా ఏమిటి?

ప్రయాణం దగ్గర పడుతున్న కొద్దీ నాకు హుషారు ఎక్కువైంది, హుషారు ఎక్కువైతే నా నోరు నా మాట వినదు. చెరుకు బండి కడిగినారా, చెరుకు బండికి గాలి కొట్టినారా అని పొద్దస్తమానం ఆయన్ని దెప్పుతూనే ఉన్నాను. ఒకరోజు గేటు దగ్గర భక్తవత్సలంగారు కూడా, "ఏం సుబ్బరాయలూ, చెరుకు కోత ఎప్పుడు?" అన్నారు. మా ఆయన ముఖం మాడిపోయింది. ఆ రోజు నుంచి గ్రీజు పెట్టించాలంటూ డబ్బాను సారానికి లాక్కుపోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. ఏం చేస్తున్నారని నేను అడగలేదు. నాకు నా మురుకుల గొడవే సరిపోయింది.

బయలుదేరే రోజు పొద్దున డబ్బా గేటు ముందు నిలబడి ఉంది, దానికి మల్లెపూల దండ. ఆటో వచ్చింది. మా బావగారు విజయరంగన్ దిగి, నన్ను పలకరించి, నేరుగా పోయి జీపు ముందు సీట్లో కూర్చున్నారు. ఆటో అతను రెండు చేతులతో ఒక సంచి దించి పెట్టాడు. దాని వెనక అక్క దిగింది.

నేను మూతి బిగించుకుని, గడ్డం పైకెత్తి నిలబడాలని రాత్రే అనుకున్నాను. నిలబడలేకపోయాను. అక్క సగమైపోయింది. జాకెట్టు భుజాల మీద వేలాడుతోంది. గాజులు మోచేతి దాకా జారి ఉన్నాయి. ఆ బుగ్గలు ఏవీ? అంతలో మా ఆయన డబ్బా మీద చెయ్యి వేసి గొంతు సవరించుకున్నాడు.

"వదినా, నీకొక మంచి మాట చెబుతా. ఈయమ్మ దీన్ని చెరుకు బండని ఊరంతా చాటింది కదా. నేనూ అయ్యనారూ కలిసి కట్టల్లో సగం పట్టీలు పీకేసినాం. అంబాసిడర్ షాక్ అబ్జార్బర్లు రెండు కొత్తవి తెచ్చి బిగించినాం. చూడు." ఒక్క చేత్తో నొక్కాడు. డబ్బా మెత్తగా కిందికి దిగి, మెత్తగా పైకి లేచి, ఆగింది. "ఇంక బరువే అక్కర్లేదు. నీకు శ్రమ తప్పింది. అన్న ఒక్కడొస్తే చాలు, నాకు తోడుగా జీపు తోలతాడు."

తర్వాత నా వైపు వంగి, తన లెక్కలో గుసగుసగా, వీధి చివరి దాకా వినిపించేట్టు, "నీకు పడని మనిషిని రామేశ్వరం దాకా నెత్తిన పెట్టుకునే పని లేకుండా చేసినా," అన్నాడు. మెచ్చుకుంటానని ఎదురు చూస్తున్న ముఖం.

ఆయనను తిట్టే తీరిక కూడా లేకపోయింది, నా చూపంతా అక్క మీదే ఉంది.

"మంచిది తంబీ," అంది అక్క. "బండి బాగైతే అంతే చాలు. పోయి రండి." నవ్వబోయి, వంగి సంచి పట్టుకుని ఆటో వైపు తిరిగింది.

ఇంక నా దగ్గర ఏ కారణమూ మిగల్లేదు. పట్టీలతో పాటు దాన్నీ పీకి సారంలో పడేసి వచ్చారు ఇద్దరూ. ఆటో అతను బండి స్టార్ట్ చేశాడు. నేను పరిగెత్తుకుంటూ పోయి అక్క చేతిలోంచి సంచి లాగాను. అది రాలేదు. నా భుజం ఊడినంత పనైంది.

"ఇందులో ఏముండాదక్కా, రాళ్ళా?" అన్నాను. నాలుగేళ్ళ తర్వాత నేను ఆమెతో అన్న మొదటి మాట అది.

అక్క సంచిని వెనక్కి లాక్కోబోయింది. అప్పటికే నేను జిప్పు తెరిచేశాను. పైన ఒక చీర మడత. దాని కింద మూలకుళం ఇంటి ఇనుప రోలు, సన్నికల్లు పొత్రం.

"షుగరొచ్చినాక చానా తగ్గిపోయినానే," అంది అక్క, నా వైపు చూడకుండా. "తొంభై కావాలనినాడు సుబ్బరాయలు. నేను యాభై రెండే ఉండా. ఈడికొచ్చినాక చాల్లేదని వెనక్కి పంపిస్తారేమో అని భయపడితి. ఇంతకంటే మోసుకురాలేకపోయినా."

నాకు షుగరు సంగతి ఎవరూ చెప్పలేదు. ఆదివారం ఆదివారం టీ తాగిన మనుషులు ఎవరూ చెప్పలేదు. వీధిలో అందరూ చూస్తున్నారని తెలిసి కూడా ఏడ్చేశాను.

"బరువూ వద్దు, ఏమీ వద్దు. నువ్వు రా అక్కా," అన్నాను. "నువ్వు రాకుంటే నేను పోను."

అక్క కొంగుతో నా ముఖం తుడిచింది, తర్వాత తనది తుడుచుకుంది. రోలూ పొత్రం గేటు లోపల పెట్టి, ఆమె చెయ్యి పట్టుకుని డబ్బా మెట్టు ఎక్కించాను. సగం పట్టీలు తీసేసిన మెత్తటి కట్టలు. అయినా ఆమె ఎక్కితే బండి వంగలేదు.

"చూసినారా," అన్నాడు మా ఆయన పొంగిపోతూ, అన్నగారికి చూపిస్తూ, "మనిషి ఎక్కినట్టే తెలీలేదు."