నిన్ను నడిపించినదెవరు?

"ఈ ఒక్క కాగితం టైపు చేసిపెట్టవూ, నీ వేళ్లకి అలవాటేగా" అన్నాడు మా ఆయన, నేను గిన్నెలు తోముతుండగా. ఆయన ఎప్పుడూ అరవడు. పదహారేళ్ల కాపురంలో నా మీద చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. "నీ మొగుడు దేవుడి మనిషి, పెట్టిపుట్టావు" అని మా ఇంటికొచ్చే ప్రతి ఆడదీ అంటుంది. అరిచే మొగుడితో పోట్లాడొచ్చు. మెత్తగా అడిగే మొగుడితో ఎలా పోట్లాడాలో నాకిప్పటికీ తెలీదు. చేతులు తుడుచుకుని వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

పైన పెద్దక్షరాలతో 'మా ఉద్దేశ్యం, మా విశ్వాసం' అని ఉంది. మా పరిచర్య గురించి కొత్తగా అచ్చువేస్తున్న చిన్న పుస్తకం అది. మేము పెద్ద సభలు పెట్టేవాళ్లం కాదు. ఒక విశ్వాసి ఇంకొక మనిషితో వారం వారం కూర్చుంటాడు. ఇద్దరూ కలిసి పరిశుద్ధ గ్రంథం చదువుతారు, కష్టం సుఖం చెప్పుకుంటారు, తప్పు చేస్తే ఒకరికొకరు ఒప్పుకుంటారు. రెండేళ్లు అలా నడిచిన మనిషి ఆ తర్వాత మరొకరిని నడిపించాలి. దీన్ని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. వేదికమీది ప్రసంగం విని మారినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చుగానీ, ఎవరైనా పక్కన కూర్చుని వింటే మారినవాళ్లని ఎంతమందినో చూశాను. 'ఒక మనిషి చేయి మరో మనిషి పట్టుకుని నడిపించడమే మా ఉద్దేశ్యం' అనే మొదటి వాక్యం నాదే. పన్నెండేళ్ల క్రితం మా అమ్మాయికి అన్నం పెడుతూ అన్నాను. మా ఆయన గబగబా రాసుకున్నాడు. అప్పట్నుంచి ఎన్ని చోట్ల చెప్పాడో! "ఒకరోజు ప్రభువు నాకు ఈ మాట ఇచ్చాడు" అని మొదలుపెడతాడు. ప్రభువు ఇచ్చిన మాట నిజమే, కాకపోతే మధ్యలో నేనున్నాను.

మధ్యలో నేను చాలా వాటికి ఉన్నాను. ఆయన ఉద్యోగం మానేసి పరిచర్యకు అంకితమయ్యాక ఇల్లు నా స్కూలు ఆఫీసు జీతం మీద నడుస్తోంది. "విశ్వాసంతో బతుకుతున్నాం, ఏ లోటూ లేదు" అని ఆయన సాక్ష్యం చెప్తుంటే జనం కళ్లు తుడుచుకుంటారు. ఆ విశ్వాసం రోజూ ఎనిమిదింటికి బస్సెక్కుతుందని ఎవరికీ తోచదు. మంగళవారం సాయంత్రం పదకొండుమంది మగవాళ్లు మా హాల్లో చదువుకోవడానికి కూర్చుంటారు. ఒకసారి, ప్రభువు ఇంటికొస్తే వంటపనిలో మునిగిపోయిన అక్క కన్నా ఆయన పాదాల దగ్గర కూర్చుని విన్న చెల్లెలే మంచిది ఎంచుకుందని మా ఆయన ఎంతో చక్కగా వివరించాడు. వివరించి, వంటింటివైపు తిరిగి "టీ ఇంకా రాలేదేం?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక కప్పులు ఒలకబోసుకున్నాను. "దేవుడి పని చేసేవాడికి ఇంటిపని తగలకూడదమ్మా" అని అత్తయ్య అప్పుడూ అంది, ఎప్పుడూ అంటుంది. తగలలేదు. అంతా నాకే తగిలింది.

టైపు చేస్తూ చేస్తూ ఆరో అంశం దగ్గర ఆగాను. 'నడిపించే బాధ్యత పురుషులది. స్త్రీలు వారికి సహాయకులు.'

"ఇదెప్పుడొచ్చింది?" అన్నాను.

"సంఘ పెద్దలు పెట్టమన్నారు. ఆదివారం పంపే ఆరాధనకి వాళ్లూ వస్తున్నారు. వాళ్లు ఒప్పుకుంటేనే మిగతా సంఘాల్లోకి మనకి దారి."

"మరి మా కుట్టుపనామె సంగతేంటి?"

పంపే ఆరాధన అంటే, రెండేళ్లు పూర్తిచేసిన వాళ్లను వేదిక మీదకు పిలిచి, "నిన్ను నడిపించినదెవరు?" అని అడుగుతారు. వాళ్లు పేరు చెప్పాలి. ఆ మనిషి వచ్చి భుజం మీద చెయ్యి వేసి ప్రార్థన చేయాలి. అది అయితేనే పంపినట్టు, సొంతంగా గుంపు పెట్టుకోవచ్చు. పేరు చెప్పలేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. ఈసారి ఐదుగురున్నారు. నలుగురు మగవాళ్లు, ఐదోది నేను రెండేళ్లుగా చదివిస్తున్న మా కుట్టుపనామె.

"ఆవిడ నా పేరు చెప్తుందిలే. నువ్వొక మాట చెప్పు" అన్నాడు మా ఆయన.

"మీరే చెప్పొచ్చుగా."

"నేను చెప్తే బాగోదు." నా భుజం తట్టాడు. "అయినా నువ్వూ నేనూ వేరా? మనది ఏకశరీరం. నా పేరుంటే నీ పేరున్నట్టే."

ఏకశరీరమే. నడుంనొప్పి మాత్రం నా సగానికే వచ్చింది. ఈ మాట పైకి అనలేదు. ఆరో అంశం టైపు చేసి, ఫుల్‌స్టాప్ పెట్టి, మిగిలిన గిన్నెల దగ్గరికి వెళ్లాను.

ఆమె మొదట మా ఇంటికొచ్చింది కర్టెన్ల కొలతలకి. టేపు పట్టుకుని అంకెలు గడగడా చెప్పేది, అక్షరం మాత్రం రాదు. గోడమీదున్న వాక్యం చూసి "అదేంటక్కా?" అంది. చదివి చెప్పాను. "నాకు నేర్పుతారా?" అంది. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం నాకు స్కూలు సగంపూటే కాబట్టి మధ్యాహ్నం వంటింటి గట్టు దగ్గర ఇద్దరం నిలబడి చదివేవాళ్లం. కూర్చుంటే నిద్రొస్తుందనేది. సూది గుచ్చుకుని గరుకెక్కిన వేలు గీత కింద పెట్టుకుని, కూడబలుక్కుని, సువార్త మొత్తం పూర్తిచేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పూర్తయిన రోజు గట్టుమీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా బతుకులో ఇంత తృప్తి ఇంకే పనిలోనూ దొరకలేదు. ఆమె కొట్లో ముగ్గురు అమ్మాయిలు పనిచేస్తారు. "నన్ను పంపితే వాళ్లతో మొదలెడతానక్కా. రోజూ అడుగుతున్నారు, ఎప్పుడు ఎప్పుడని" అనేది. మా ఆయన ఈ రెండేళ్లలో ఆమెతో మాట్లాడింది ఒకే ఒక్క మాట. ప్యాంటు పొడవెక్కువైంది, కొంచెం తగ్గించమని.

ఆ శుక్రవారం నేను ఆమె మొహం చూడకుండా చెప్పాను. "ఆదివారం అడిగినప్పుడు అయ్యగారి పేరు చెప్పు."

"అదేంటక్కా, నేర్పింది మీరు కదా?"

"పెద్దలొస్తున్నారు. ఏదో ఒకటిలే, చెప్పెయ్."

ఆమె పుస్తకం మూసింది. "నన్ను పంపేది నిజం చెప్పడానికి కదక్కా. నేను చెప్పే మొదటి మాటే అబద్ధమైతే ఎట్లా?"

నాకు ఒళ్లు మండింది. మా ఆయన మీద రావాల్సిన కోపమంతా ఆమె మీదకొచ్చింది. అత్తమీద కోపం దుత్తమీద అంటారే, అదే. "నీకేం, ఒక్కపూట నిలబడి వెళ్లిపోతావు. ఈ ఇంట్లో ఉండాల్సింది నేను!" అని అరిచాను. ఆమె పుస్తకం గట్టుమీద పెట్టింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. గట్టు దగ్గర నేను ఒక్కదాన్నే నిలబడ్డాను. పదహారేళ్లలో నేను గొంతెత్తింది ఒక్కసారి, అదీ నేను నడిపించిన మనిషి మీద. సిగ్గుతో చచ్చిపోయాను. నా పేరు పోతే పోయిందనుకుని ఇన్నాళ్లూ సర్దుకున్నాను, అదే వినయమనుకున్నాను. నా వినయానికి వంతు పాడమని ఇప్పుడు ఆమె చేత అబద్ధం ఆడించబోయాను.

ఆదివారం హాలు నిండిపోయింది. ముందు వరుసలో పెద్దలు ముగ్గురు. నేను వెనక, అత్తయ్య పక్కన. మా ఆయన మైకు పట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచాడు. నలుగురు మగవాళ్లూ ఠక్కున పేర్లు చెప్పారు, నడిపించినవాళ్లు వచ్చారు, ప్రార్థనలయ్యాయి. ఐదోసారి ఆమె మెట్లెక్కింది. ఆమె బట్టలు కొత్తవి, ఆమే కుట్టుకున్నట్టుంది.

"నిన్ను నడిపించినదెవరు?" అన్నాడు మా ఆయన, నవ్వుతూ.

ఆమె నోరు తెరిచి మళ్లీ మూసుకుంది. నావైపు చూడలేదు. చూస్తే నాకు చిక్కొస్తుందని చూడలేదని నాకు తెలుసు. అబద్ధం చెప్పలేదు, నన్ను పట్టివ్వలేదు.

"చెప్పమ్మా, భయం దేనికి? నిన్ను నడిపించినదెవరు?"

జనం గుసగుసలాడారు. "నాలుగక్షరాలు రానిదాన్ని పైకెక్కిస్తే ఇంతే" అంది అత్తయ్య. అక్షరాలు రానిదట! ఆమె చేత ఒక్కొక్క అక్షరం పలికించిన నేను ఇక్కడ దిష్టిబొమ్మలా కూర్చున్నాను.

మా ఆయన మూడోసారి అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు. ఆయన అదే మెత్తటి గొంతుతో, "ఫర్వాలేదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాడు. ఆమె మెట్లవైపు తిరిగింది.

నేను లేచాను. "ఎక్కడికే?" అని అత్తయ్య చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. వేదిక దాకా అంత దూరముందని అప్పుడే తెలిసింది. ఆమెను మెట్ల దగ్గరే ఆపి, మళ్లీ పైకి నడిపించి, భుజం మీద చెయ్యి వేశాను.

మా ఆయన మైకు మీద అరచెయ్యి మూసి, "ఏంటిది? పెద్దలు చూస్తున్నారు" అన్నాడు.

"చూడనివ్వండి. ఈమెను నడిపించింది నేను." మైకు లేకపోయినా నా గొంతు చివరి వరుసదాకా వెళ్లింది. ముందు వరుసలో ఒక పెద్దాయన లేవబోయాడు.

మా సంఘంలో ఒక పద్ధతుంది. ఎవరు మొదలుపెట్టినా సరే, ప్రార్థన మొదలైందంటే ఎవరూ అడ్డుపడరు, ఎవరూ కదలరు. ఇన్నేళ్లు మాట్లాడకుండా కూర్చున్నందుకు పద్ధతులన్నీ నాకు కంఠస్థం.

"తలలు వంచండి, ప్రార్థన చేద్దాం" అన్నాను.

హాలంతా వంగింది. లేవబోయిన పెద్దాయన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అందరికన్నా చివర, చేతిలో మైకుతో సహా, మా ఆయన తల వంచాడు.